పద్నాలుగు వందల పది

ఇరవై ఏడు పేర్లు వచ్చాయి. బొమ్మ ఒక్కటీ రాలేదు.

ఉపసంచాలకుడు రఊఫ్ ఆ జాబితాను బల్ల మీద నెట్‌వర్క్ విభాగపు షెద్లీ వైపు తిప్పి, పెన్ను మూతతో ఒక్కొక్క వరుసనూ తాకుతూ కిందిదాకా వచ్చాడు. బీర్ ఔనా ఒయాసిస్సులోని క్లినిక్ నుంచి గడిచిన మూడు వారాల్లో సఫాక్స్ నగరంలోని ఆసుపత్రికి చేరిన ఎక్స్‌రే నమోదులవి. ప్రతి వరుసలోనూ రోగి పేరుంది, వయసుంది, ఏ ఎముకో ఉంది, నమోదైన వేళ ఉంది. బొమ్మ ఉండాల్సిన గడి మాత్రం తెల్లగా ఉంది.

"చూశారా సీ షెద్లీ? అక్కడి ఎక్స్‌రే ఆవిడ పేరు ఎక్కిస్తుంది, ఫొటో తియ్యదు. రోగిని ఇంటికి పంపేస్తుంది. రోజుకి ఇంతమందిని చూశానని చూపించుకుంటుంది. ఇక్కడ బొమ్మలు చదివే డాక్టర్ మున్జియా తెర ముందు కూర్చుని ఎదురుచూసీ ఎదురుచూసీ చివరికి ఫిర్యాదు రాసింది."

"ఆవిడేమంటోంది?"

"ఎవరు, వసీలానా? పంపించాననే అంటోంది. పంపితే ఏవండీ మరి? దారిలో ఆవిరైపోయాయా?" రఊఫ్ నవ్వి, జాబితా వెనక నుంచి ఇంకో కాగితం తీశాడు. "మీ కాగితం లేకపోతే నేనూ నమ్మేవాణ్ణే."

ఆ కాగితం షెద్లీ రాసిందే. 'బీర్ ఔనా సొరంగం సక్రమంగా పనిచేస్తున్నది. నూరు పింగులకు నూరు జవాబులు వచ్చినవి.' పింగ్ అంటే అవతలి యంత్రాన్ని ఉన్నావా అని అడిగే చిన్న పలకరింపు. కింద సంతకం, తేదీ.

నెల క్రితం దాకా ఆ క్లినిక్‌కు ఆసుపత్రిదే సొంత తీగ ఉండేది. దాన్ని తీసేసి, అందరూ వాడే ఇంటర్నెట్టు మీదుగా సొరంగం వేసింది షెద్లీయే. తవ్వేదేమీ లేదు. క్లినిక్ రౌటర్ ఒక్కొక్క ప్యాకెట్‌నూ మరో ప్యాకెట్‌లో పెట్టి, తాళం వేసి, పైన ఆసుపత్రి చిరునామా రాసి బయటికి వదులుతుంది. దారిపొడుగునా ఉన్న యంత్రాలకు ఆ పై చిరునామా తప్ప ఏమీ కనపడదు. ఆసుపత్రి గుమ్మంలో పై చుట్టు విప్పి, లోపలిదాన్ని దాని అసలు చిరునామాకు పంపుతారు. సొరంగం వేసిన మొదటి క్లినిక్ బీర్ ఔనాదే. వెనక ఇంకో ఎనిమిది వరుసలో ఉన్నాయి.

"గురువారం పది గంటలకి కమిటీ. ఆవిడ ఒప్పందం ఈ నెలాఖరుకి అయిపోతుంది. మళ్ళీ రాయం," అన్నాడు రఊఫ్. "మీరు రానక్కర్లేదు. మీ సంతకం చాలు."

షెద్లీ జాబితా నకలు ఒకటి అడిగి తీసుకుని వరండాలోకి వచ్చాడు. కిటికీ వెలుతురులో దాన్ని మళ్ళీ చదివాడు. ఈసారి పేర్లు కాదు, వేళలు. మొదటి పేరు ఏడూ యాభైకి. తర్వాతది ఏడూ యాభై తొమ్మిదికి. 'వేలు' అని ఉన్నచోట తర్వాతి పేరు ఐదు నిమిషాల్లో వచ్చింది. 'వెన్నెముక' అని ఉన్నచోట పద్నాలుగు నిమిషాలు పట్టింది.

తియ్యని ఫొటోకు పద్నాలుగు నిమిషాలెందుకు?

అక్కడే నిలబడి క్లినిక్‌కు ఫోన్ చేశాడు. అవతల ఎవరో దగ్గు, తలుపు చప్పుడు, తర్వాత ఆడగొంతు.

"మదామ్ వసీలా, నేను షెద్లీని. నెట్‌వర్క్ విభాగం..."

"తెలుసు. లైను భేషుగ్గా ఉందని చెప్పినాయన." గొంతులో కోపం కూడా లేదు. అలసిపోయి పక్కన పెట్టేసినట్టుంది. "ఇప్పుడేమిటి, ఇంకా భేషుగ్గా ఉందా?"

"రేపు నేనొచ్చి చూస్తాను."

"రండి. గురువారం తర్వాతైతే నేనుండను." ఎవరితోనో "ఊపిరి బిగబట్టు బాబాయ్" అని, ఫోన్ పెట్టేసింది.

మంగళవారం పొద్దున్నే షెద్లీ దక్షిణం వెళ్ళే లూఆజ్ ఎక్కాడు. ఎనిమిది మందీ నిండేదాకా కదలని బండి అది. ఎనిమిదో మనిషి కోసం డ్రైవర్ ఊరి పేరు అరుస్తుంటే, కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో కంప్యూటర్ సంచీ పెట్టుకుని, ఈ క్లినిక్ గురించి తన విభాగానికి వచ్చిన పాత సందేశాలు ఫోన్‌లో తెరిచాడు. గాబెస్ దాటి, సముద్రం వెనకబడి, రోడ్డుకు రెండు పక్కలా ఉప్పునేల తెల్లగా మొదలయ్యేసరికి తన సొంత జవాబు కంటపడింది.

'పంపవలసినవాటి వరుస మొత్తం తుడిచివేసి, యంత్రం ఆపి మళ్ళీ పెట్టండి.'

రెండుసార్లు రాశాడు, వారం తేడాలో. ఫోన్ ఎత్తిన ప్రతిసారీ ఎవరికైనా చెప్పే మాటే అది. నూటికి తొంభైసార్లు పనిచేస్తుంది కూడా. రెండోసారి రాసినదాని కింద ఆమె జవాబుంది. 'సరే.'

షెద్లీ ఫోన్ బోర్లించాడు. బొమ్మలు నిజంగా తీసి ఉంటే, అవి ఆ యంత్రంలోనే ఉండాలి. తను చెప్పినట్టు తుడిచేసి ఉంటే ఇక ఎక్కడా లేవు. ఫొటో తీసిందనడానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యాన్ని తనే చేతులారా చెరిపించి, ఆపైన లైను బాగుందని సంతకం పెట్టాడు. పక్కన కూర్చున్న ముసలావిడ సంచీలోంచి బత్తాయి తీసి వొలిచి, అడక్కుండానే రెండు తొనలు అతని చేతిలో పెట్టింది. అతను వాటిని కెబిలీ ఊరి దాకా అలాగే పట్టుకు కూర్చుని, దిగేటప్పుడు జేబులో వేసుకున్నాడు.

బీర్ ఔనాలో ఖర్జూరం కోతలు జోరుగా ఉన్నాయి. క్లినిక్ వరండాలో అరుగు మీద ఏడుగురు కూర్చుని ఉన్నారు, అందులో నలుగురు చెట్టు మీంచి జారినవాళ్ళే. కాపలాదారు బూబకర్ కుర్చీలోంచి లేవకుండానే షెద్లీని పైనుంచి కిందికి చూశాడు.

"నీకేం విరిగింది నాయనా?"

"ఏం లేదు. సఫాక్స్ నుంచి వచ్చాను. కంప్యూటర్ లైను చూడ్డానికి."

"ఓహో, నువ్వేనా." బూబకర్ అరుగు మీదివాళ్ళ వైపు తిరిగాడు. "వచ్చాడర్రా. మన అమ్మాయిని ఇంటికి పంపే కాగితం రాసింది ఈ పెద్దమనిషే."

 చేతికి గుడ్డ చుట్టుకున్న ఒకడు కాస్త జరిగి అతను కూర్చోడానికి చోటిచ్చాడు. షెద్లీ కూర్చోకుండా లోపలికి నడిచాడు.

ఎక్స్‌రే గదిలో వసీలా పనిలో ఉంది. నలభై దాటిన మనిషి, సన్నగా, చొక్కా చేతులు మోచేతుల దాకా ఎగలాగి. బల్ల ముందు కూర్చున్న ముసలివాడి మణికట్టు నీలంగా వాచి ఉంది. ఆమె ఫొటో పలక తెచ్చి బల్ల మీద పెట్టింది. వెంటనే ఆయన చేతిని దాని మీదికి తీసుకోలేదు. ముందు తన రెండు అరచేతులూ పలకకు ఆనించి కాసేపు ఉంచింది. తర్వాతే ఆయన చేతిని కిందినుంచి ఎత్తి, వెచ్చబడ్డ చోట మెల్లగా దించింది.

"చల్లగా ఉంటే చెయ్యి బిగుసుకుంటుంది," అంది షెద్లీ వైపు చూడకుండానే. "అక్కడ నిలబడకండి, గోడ వెనక్కి రండి."

ఫొటో తీసింది. తెర మీద ఎముకలు తెల్లగా తేలాయి. ఆమె మీట నొక్కింది. తెర మూలన పేరు పక్కన పచ్చటి గీత పడింది. దాని కింద బొమ్మ గుర్తు పక్కన చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

"ఇదిగో. పేరు వెళ్ళింది. ఇది తిరుగుతుంది. పావుగంట తిరిగి ఆగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మూడు వారాలుగా ఇదే తంతు. ఇప్పుడు చెప్పండి, నేను ఫొటో తీశానా లేదా?"

"తీశారు," అన్నాడు షెద్లీ.

ఆమె మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

అతను ఒక మూల బల్ల జరుపుకుని కంప్యూటర్ తెరిచాడు. మామూలు పింగ్ ఒకటి పంపాడు. అరవై నాలుగు బైట్లు. జవాబు వెంటనే వచ్చింది. ఇంకోటి. అదీ వచ్చింది. తన కాగితంలోని నూరు పింగులూ ఇలాంటివే. ఇప్పుడు ప్యాకెట్ సైజు పెంచాడు. పదిహేను వందల బైట్లు చేసి, 'ముక్కలు చేయరాదు' అన్న గుర్తు పెట్టి వదిలాడు.

ఏమీ రాలేదు. మళ్ళీ వదిలాడు. ఏమీ రాలేదు.

అతని వీపు నిటారుగా అయింది. జవాబు రాకపోవడం వేరు, 'కుదరదు' అన్న మాట కూడా రాకపోవడం వేరు.

"మదామ్, నేను అంకె చెప్తాను, మీరు రాస్తారా? వెళ్ళిందో లేదో పక్కన గుర్తు పెట్టండి."

ఆమె ఒక పాత ఫిల్ము కవరు తిరగేసి పెన్ను తీసింది.

"వెయ్యి. వెళ్ళింది. పదమూడు వందలు. వెళ్ళింది. పద్నాలుగు వందలు... వెళ్ళింది. పద్నాలుగు యాభై. పోయింది."

"పోయిందంటే వెళ్ళిందనా, చచ్చిందనా?"

"చచ్చింది."

"అయితే చచ్చిందనే చెప్పండి. మా దగ్గర పోయిందంటే ఇంటికి పోయిందని."

బూబకర్ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. వెనక చేతికి గుడ్డ కట్టుకున్నవాడు, వాడి వెనక ఇంకొకడు.

"పద్నాలుగు ఇరవై అయిదు. చచ్చింది. పద్నాలుగు పది. వెళ్ళింది. పద్నాలుగు పదిహేడు. చచ్చింది. పద్నాలుగు పదమూడు... చచ్చింది. పద్నాలుగు పదకొండు."

అందరూ ఆగారు.

"చచ్చింది."

"పద్నాలుగు వందల పది," అంది వసీలా, ఆ అంకె చుట్టూ సున్నా చుడుతూ. "దానికి ఒక్కటి ఎక్కువైనా అంతే. ఎందుకట?"

షెద్లీ చేతులు గాల్లో పెట్టాడు. "ఇప్పుడూ... మీరు ఖర్జూరాలు ఒక అట్టపెట్టెలో పెట్టారనుకోండి..."

"సీ షెద్లీ, పొద్దుట్నుంచి ఖర్జూరాల మధ్యే ఉన్నాను. ఉపమానాలొద్దు. సంగతి చెప్పండి."

బూబకర్ పగలబడి నవ్వాడు. షెద్లీకి కూడా నవ్వొచ్చింది, పొద్దుట్నుంచి మొదటిసారి.

"సరే. బయటి దారి ఒకసారికి పదిహేను వందల బైట్ల దాకానే మోస్తుంది. మీ యంత్రానికి ఆ సంగతి తెలుసు. అందుకే బొమ్మని సరిగ్గా పదిహేను వందల బైట్ల ముక్కలుగా కట్టి పంపుతోంది. కానీ మధ్యలో నా సొరంగం ఒకటుంది. అది ప్రతి ముక్క మీదా ఇంకో చుట్టు చుడుతుంది. చిరునామా, తాళం, అన్నీ కలిపి తొంభై బైట్లు తినేస్తుంది. అప్పుడది దారికి పట్టదు. పేరు చిన్నది, ఎంత చుట్టినా పడుతుంది. బొమ్మ పట్టదు."

"అయితే చిన్న ముక్కలు కట్టమని నా యంత్రానికి ఎవరైనా చెప్పొచ్చుగా."

"చెప్పాలి. అది రౌటర్ పనే. పట్టనిది వచ్చినప్పుడు 'ఇది పెద్దదైంది, ఇంతకి తగ్గించి కట్టు' అని వెనక్కి కబురు పెట్టాలి. ప్రపంచంలో ప్రతి రౌటరూ పెడుతుంది."

"మరి ఇది?"

షెద్లీ ఫోన్ తీసి సఫాక్స్‌లోని తన విభాగానికి కలిపాడు. పదేళ్ళుగా పక్క బల్ల మీద పనిచేసే హాజర్ ఎత్తింది.

"హాజర్, మన రౌటర్ల నమూనా తెరువు. పదిహేడో వరుసలో ఏముందో చదువు."

"అదా, నీ మూగనోము. 'పెట్టెలేవీ వెనక్కి మాట్లాడరాదు.' బయటివాళ్ళకి మన జాడ తెలీకుండా చేశావని ఆడిటర్లు నీకు చప్పట్లు కూడా కొట్టారుగా, మర్చిపోయావా? కేకు నేనే కోశాను."

"దాని వల్లే."



"అయ్యో షెద్లీ," అంది హాజర్. తర్వాత వెంటనే, "సరే, అక్కడ కూర్చుని ఏడవకు. ఏం మార్చాలో చెప్పు."

అతను ఫోన్‌కు చెయ్యి అడ్డుపెట్టాడు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. లూఆజ్‌లో కూర్చున్నప్పటి నుంచీ నాలుక మీద ఉన్న ప్రశ్న.

"మదామ్ వసీలా. వరుస తుడిచెయ్యమని రాశాను మీకు. రెండుసార్లు."

"రాశారు."

"మీరు సరే అన్నారు."

"సరే అన్నాను." ఆమె పెన్ను మూత పెట్టింది. "తుడిచానని అన్నానా?"

అతను కుర్చీ ఆమె తెర వైపు జరుపుకున్నాడు.

"మీరు చెప్పింది యంత్రానికి మంచిదేమో నాకు తెలీదు. అందులో ఉన్నవి మనుషుల ఎముకలు. తుడిచేస్తే ఆ జనాన్నంతా మళ్ళీ పిలిచి మళ్ళీ కిరణాలు పెట్టాలి. ఐదేళ్ళ పిల్ల ఉంది అందులో. దానికి రెండోసారి ఎవరు పెడతారు, మీరా?" ఆమె తెర వైపు తిరిగి రెండు మీటలు నొక్కింది. "అత్యవసరమైనవి నాలుగు సీడీలో వేసి లూఆజ్ డ్రైవర్‌కిచ్చి కెబిలీ పంపాను, అక్కడి డాక్టర్ చూశాడు. ఆ సంగతీ మీవాళ్ళకి చెప్పాను. నాలుగే కదా, మిగతా ఇరవై మూడూ ఏవి అన్నారు. ఇదిగో, ఇవి."

తెర నిండా వరుస. ఇరవై ఏడుగురివి, ఇవాళ్టి ముసలాయనతో కలిపి ఇరవై ఎనిమిది. మొత్తం అరవై మూడు బొమ్మలు. ఒక్కొక్కదాని పక్కన తీసిన తేదీ, తీసిన వేళ.

షెద్లీ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.   జేబులో ఇంకా ఉన్న బత్తాయి తొనల్లో ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు. చాలా తియ్యగా ఉంది.

"హాజర్, ఉన్నావా? పదిహేడో వరుస తీసెయ్. సొరంగం మూతి దగ్గర ప్యాకెట్ సైజు పద్నాలుగు వందలకి కట్టెయ్. పది బైట్లు వెసులుబాటు ఉంచు."

"ఉంచాను. ఇక చూడు."

చక్రం తిరుగుతూనే ఉంది. అరవై మూడు. అరవై మూడు. బూబకర్ లోపలికి వచ్చి వసీలా వెనక నిలబడ్డాడు, బంతి గోల్ దగ్గరికి వస్తున్నప్పుడు నిలబడ్డట్టు.

అరవై రెండు.

ఎవరూ కదల్లేదు. అరవై ఒకటి. అరవై. చేతికి గుడ్డ కట్టుకున్నవాడు "నాది వెళ్ళిందా?" అన్నాడు. "నీది ఇంకా తియ్యనేలేదురా," అంది వసీలా. అనేసి తెర మీంచి చూపు తిప్పకుండానే కుర్చీ కోసం చేత్తో వెనకాల తడుముకుంది. బూబకర్ తన కుర్చీ తెచ్చి వెనక పెట్టాడు. ఆమె కూర్చుంది. యాభై ఐదు. యాభై నాలుగు.

"తల్లీ, టీ పెట్టనా?" అన్నాడు బూబకర్.

"అందరికీ పెట్టు బాబాయ్. ఆయనక్కూడా."

ఆకులు దట్టంగా వేసి మరిగించిన ఆ టీ గ్లాసు పట్టుకుని, షెద్లీ అంకె సున్నాకు వచ్చేదాకా ఆమె పక్కనే నిలబడ్డాడు.

గురువారం పది గంటలకు కమిటీ గదిలో షెద్లీ కూడా ఉన్నాడు. పిలవకుండానే వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. బల్లకు అవతల రఊఫ్, సిబ్బంది వ్యవహారాల అధికారి ఒకాయన, వాళ్ళ పక్కన డాక్టర్ మున్జియా. యాభై ఐదేళ్ళ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉంది. ఇవతల వసీలా. తెల్లవారుజామున బయల్దేరినట్టుంది, బూట్ల మీద దుమ్ము.

"బొమ్మలు వచ్చాయి. మంచిది," అన్నాడు రఊఫ్ కాగితాలు సర్దుతూ. "లైనులో ఏదో లోపం, బాగుచేశారు. ఆ ముక్క వదిలేద్దాం. కానీ ఒకటుంది." ఫైలు తిప్పి ఒక పుట మీద వేలు పెట్టాడు. "సాంకేతిక విభాగం వరుస తుడవమని రెండుసార్లు రాసింది. ఈవిడ సరే అంది, తుడవలేదు. ఒప్పందం పొడిగించేటప్పుడు ఇదీ చూడాలి కదా. ఆదేశం ఆదేశమే."

వసీలా తల దించుకుంది. రెండు చేతులూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

"సీ రఊఫ్," అన్నాడు షెద్లీ. "ఆ ఆదేశం నాది. ఆవిడ దాన్ని పాటించుంటే ఇవాళ ఇక్కడ మీరు నన్ను నమ్మి ఆవిణ్ణి పంపేసేవారు. ఆ బొమ్మలు ఎప్పటికీ దొరికేవి కావు."

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడం లేదే. లైను లోపమని రాసుకుందాం, అందరికీ సుఖం."

"లైనులో లోపం లేదు. లైను చెయ్యాల్సింది అది చేసింది. వెనక్కి మాట్లాడొద్దని దాని నోరు నొక్కిన నియమం నాది. పరీక్ష కూడా నాదే. అరవై నాలుగు బైట్లు పంపి సొరంగం బాగుందన్నాను. అంటే చీమని నడిపించి వంతెన గట్టిదని రాసినట్టు."

"ఉపమానాలొద్దు," అంది వసీలా తల ఎత్తకుండానే, చాలా నెమ్మదిగా.

అతను ఆగి, సరిదిద్దుకున్నాడు. "నేను తప్పు పరీక్ష చేశాను. ఆవిడ తప్పేమీ చెయ్యలేదు. హెచ్చరిక ఎవరి ఫైల్లోనన్నా పడాలంటే నా ఫైల్లో వెయ్యండి."

రఊఫ్ కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. సిబ్బంది అధికారి గొంతు సవరించుకుని, ఒకసారి దాఖలైన కాగితాన్ని తీసెయ్యడానికి నిబంధన ఒప్పుకోదని, కింద రాసి సంతకం పెట్టొచ్చని చెప్పాడు. షెద్లీ తన పాత కాగితం తీసుకుని దాని అడుగున రాశాడు. 'పై మాట తప్పు. చిన్న ప్యాకెట్లతో మాత్రమే పరీక్షించినాను. చిత్రములు వెళ్ళకపోవుటకు నా నియమమే కారణము.' సంతకం పెట్టి, రఊఫ్‌కు ఇవ్వబోయి, ఎందుకో దాన్ని ముందు వసీలా ముందుకు జరిపాడు.

ఆమె చదివింది. రెండోసారి చదివింది.

"'పై మాట' అంటే ఎవరి మాటో తెలియదు," అంది. "'నా మాట' అని రాయండి."

షెద్లీ కొట్టేసి, పైన 'నా' అని రాశాడు. ఆ ఒక్క అక్షరం రాస్తుంటే చెయ్యి బరువెక్కుతుందనుకున్నాడు. తేలికైంది.

"నేనూ ఒకటి రాస్తాను, ఇటివ్వండి," అంది డాక్టర్ మున్జియా.  తన ఫిర్యాదు మీద అడ్డంగా గీత కొట్టి కింద తేదీ వేసింది. "మూడు వారాలు ఎదురుచూశాను, ఆపైన ఫిర్యాదు రాశాను. ఈ మధ్యలో ఫోన్ చేసి ఏమ్మా ఏమైంది అని ఒక్క ముక్క అడగలేదు. సీ రఊఫ్, ఒప్పందం రాసెయ్యండి. అక్కడ ఇంకొకరు దొరకరు కూడా."

రఊఫ్ మూత తీసిన పెన్ను కాసేపు పట్టుకుని, రాశాడు. ఒక సంవత్సరం అని రాసి, డాక్టర్ వైపు చూసి, ఒకటిని రెండు చేశాడు. అది దయ చూపినట్టూ కాక, తప్పించుకున్నట్టూ కాక, మామూలుగా అంకె దిద్దినట్టే చేశాడు. షెద్లీకి ఆ క్షణంలో అతని మీద కూడా మంచి అభిప్రాయం కలిగింది.

అధికారి కాగితాలు కట్టకడుతూ, మిగతా ఎనిమిది క్లినిక్కుల మాటేమిటని అడిగాడు.

"సొరంగం వేశాక పరీక్ష పింగుతో కాదు, బొమ్మతో చేస్తాం," అన్నాడు షెద్లీ. "చేరిందని అక్కడ ఫొటో తీసినవాళ్ళు సంతకం పెడితేనే నేను పెడతాను."

బయటికొచ్చాక వసీలా వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత పైట చెంగులాంటి తన తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని, బూట్ల మీది దుమ్ము చూసుకుని, అప్పుడే కనిపించినట్టు ఒకదాన్ని ఇంకోదానికి రుద్దింది.

"పన్నెండింటికి బస్సు ఉంది మీకు," అన్నాడు షెద్లీ. "స్టాండు దాకా వస్తాను."

"ఒక్క నిమిషం," అంది వెనకనుంచి మున్జియా. "అమ్మాయ్, ఇలా రా. నీ బొమ్మలు నలభై చదివాను. ఒకదాని గురించి అడగాలి."

బొమ్మలు చదివే గది మేడమీద. కిటికీలకు నల్లటి పరదాలు, మూడు పెద్ద తెరలు వెలుగుతూ ఉన్నాయి. పదకొండేళ్ళుగా ఫొటోలు పంపుతున్నా వసీలా ఈ గది చూడటం ఇదే మొదటిసారి. గుమ్మంలో ఆగి, అంత పెద్దగా వెలుగుతున్న తన బొమ్మను చూసి "అమ్మో" అంది. డాక్టర్ ఇంకో కుర్చీ కాలితో ఇటు తోసింది.

"కూర్చో. ఈ మోకాలు వంకరగా పెట్టావు."

"నేను పెట్టలేదు దక్తూరా. అది తిన్నగా రాదు. ఆవిడ కంబళ్ళు నేస్తుంది, నలభై ఏళ్ళు కాలు మడిచి కూర్చున్న మనిషి. బలవంతంగా చాపితే అరిచింది. ఎంత వస్తే అంతే తీశాను."

"ఆ మాట రాయాలి కదా మరి. నేను కీలు పోయిందనుకుని ఆపరేషన్ రాయబోయాను."

"ఎక్కడ రాయను? పేరుకి గడి ఉంది, వయసుకి ఉంది. మనిషి ఎలా కూర్చుంటుందో రాయడానికి గడి లేదు."

మున్జియా నుదుటి మీది కళ్ళద్దాలు దించి తెర వైపు చూసింది. గడులన్నీ ఒకసారి పైనుంచి కిందికి చూసుకొచ్చింది. నిజమే, లేదు. ఆమె బల్ల మీది చీటీ ఒకటి చింపి, ఫోన్ నంబరు రాసి వసీలా చేతిలో పెట్టింది.

"ఇది ఆసుపత్రిది కాదు, నాది. ఏదన్నా ఉంటే చెప్పు. నాకు అర్థం కాకపోతే నేనే చేస్తాను. ఈమె భుజం కూడా చూడు, ఇదేమిటి, పాత దెబ్బా?"

"అది ఈమెది కాదు, ఈమె చెల్లెలిది. ఇద్దరూ ఒకే రోజు వచ్చారు. ఆగండి, వరుసగా చెప్తాను."

వసీలా కుర్చీ ముందుకు లాక్కుంది. పన్నెండింటి బస్సు సంగతి షెద్లీ గుర్తుచేయబోయి, మానేశాడు. తర్వాతది రెండింటికి ఉంది. చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, ఆమె కోసం కింద ఏదన్నా తినడానికి కొనుక్కురావడానికి మెట్లు దిగాడు.